అద్దెకిచ్చిన ‘నేను’

‘దుబాసీ’ అనే మాటకి ఒకప్పుడు మన దగ్గర చాలా దర్జా ఉండేది. రెండు భాషలు తెలిసి, దొరకీ జనానికీ మధ్య నిలబడగలిగినవాడు దుబాసీ. ‘కాశీయాత్ర చరిత్ర’ రాసిన ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్. 1830లో పరివారాన్ని వెంటబెట్టుకుని కాశీకి బయల్దేరిన మనిషి ఆయన. కల్నల్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరులు లేకపోతే మన ఊళ్ళ చరిత్రలో చాలా భాగం కాగితం మీదకి ఎక్కేదే కాదు. ఇలాంటివాళ్ళ నోటి ద్వారానే దొరలు మన దేశాన్ని అర్థం చేసుకున్నారు, అపార్థమూ చేసుకున్నారు. నాకు తెలిసిన ఈ పేర్ల వరసలో ఒక్క ఆడపేరు లేదు. అందులో ఆశ్చర్యపోవాల్సిందీ లేదు. అధికారానికి దగ్గరగా తీసుకెళ్ళే విద్య ఏదైనా ముందు మగవాళ్ళకే అందింది కదా.

దాదాపు రెండు వందల ఏళ్ళ తర్వాత అదే పని పరాయి దేశంలో ఉన్న తెలుగామె చేతికి వచ్చింది. అయితే వచ్చేసరికి దాని దర్జా అంతా ఊడిపోయింది. ఇప్పుడది పార్ట్‌టైం పని. పడకగది మూల చిన్న బల్ల, చెవులకి హెడ్‌సెట్, తలుపుకి గడియ. అవతల ఆసుపత్రిలో డాక్టరు, ఆ పక్కన ఇంగ్లీషు రాని తెలుగు మనిషి, మధ్యలో ఫోను తీగకి అటూ ఇటూ కాని చోట ఈమె. జీతం నిమిషాల లెక్కన. “ఖాళీగా కూర్చోకుండా ఏదో కాస్త చేసుకుంటోంది” అని ఇంట్లోవాళ్ళు నలుగురికీ చెప్పుకునే పని.

నేనూ కొంతకాలంగా అమెరికాలో ఈ పని చేస్తున్నాను. చేస్తూ, దుబాసీ పాత్రల చుట్టూ తిరిగే కథలు, నవలలు వెతుక్కుని చదివాను. సాహిత్యం ఈ పనిని ఎలా చూసింది, మన స్త్రీవాద విమర్శ అనువాదం గురించి మాట్లాడేటప్పుడు దీన్ని ఎందుకు లెక్కలోకి తీసుకోలేదు అన్నవి ఈ వ్యాసంలో నా ప్రశ్నలు. ఒక మాట ముందే చెప్పాలి. ఫోనులో విన్నది ఏదీ బయట చెప్పకూడదన్నది ఈ వృత్తి మొదటి నియమం. అందుకని ఇక్కడ నేనిచ్చే వాక్యాలేవీ ఫోనులో విన్నవి కావు. మనందరం పుట్టి పెరిగిన ఇళ్ళలో విన్నవే.

ఈ పని మన ఆడవాళ్ళ దాకా ఎలా వచ్చిందో చూద్దాం. హెచ్1బి వీసా మీద వచ్చిన భర్త వెంట హెచ్4 మీద వచ్చిన భార్య 2015 మే 26 దాకా అమెరికాలో పైసా సంపాదించడానికి వీల్లేదు. ఎమ్మెస్సీలు, ఎంటెక్కులు చదివినవాళ్ళు కూడా వీసా కాగితం మీద ‘ఆధారపడినవారు’. ఆ రోజు నుంచి, భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితే భార్య పని అనుమతికి అర్జీ పెట్టుకోవచ్చన్నారు. 2017 చివరిదాకా ఆ అనుమతి దొరికినవాళ్ళలో నూటికి 93 మంది ఆడవాళ్ళు, నూటికి 93 మంది మన దేశంలో పుట్టినవాళ్ళు అని అమెరికన్ కాంగ్రెస్ పరిశోధనా విభాగం చెప్పింది. అన్నేళ్ళ విరామం తర్వాత, పిల్లల బడి వేళల మధ్య, ఇంట్లోంచే చేయగలిగిన పని ఏముంటుంది? రెండు భాషలు వచ్చి ఉండడమే అర్హత అయిన పని సహజంగానే ఎదురొస్తుంది.

రెండో వైపు చట్టాలు. 1964 పౌరహక్కుల చట్టం పుట్టిన దేశాన్ని బట్టి వివక్ష చూపకూడదంది. ఇంగ్లీషు రాదని ఒకరికి సేవ నిరాకరించడం కూడా అందులోకే వస్తుందని 1974లో సుప్రీంకోర్టు ఒక చైనీయ విద్యార్థుల కేసులో ఒప్పుకుంది. 2000 ఆగస్టులో వచ్చిన అధ్యక్షుడి ఉత్తర్వు దీన్ని గట్టిపరిచింది. 2010 ఆరోగ్య చట్టంలోని 1557 సెక్షను ఆసుపత్రులకి ఈ బాధ్యత పెట్టింది. దాని కింద 2016లో వచ్చిన నిబంధనలు కుటుంబ సభ్యుల్ని, ముఖ్యంగా పిల్లల్ని, దుబాసీలుగా వాడుకోవడాన్ని కట్టడి చేశాయి. 2000 నాటి ఉత్తర్వుని 2025 మార్చి 1న ఇంగ్లీషుని అధికార భాషగా ప్రకటిస్తూ రద్దు చేశారు. పౌరహక్కుల చట్టం, ఆరోగ్య చట్టం మాత్రం అలాగే ఉన్నాయి.

ఇందులో మనం ఆగి చూడవలసింది కుటుంబ సభ్యుల గురించిన మాట. ఆసుపత్రి గదిలో భార్య తరఫున భర్త మాట్లాడటం, అత్తగారి తరఫున కొడుకు మాట్లాడటం మన ఇళ్ళలో ఎవరికీ వింతగా తోచదు. “నీకేం తెలీదు, నేను చెప్తా ఉండు” అనే వాక్యం ఎంత ప్రేమగా అన్నా, అక్కడ ఒక గొంతు మీద మరో గొంతు కూర్చుంటుంది. కడుపు ఎందుకు పోయిందో, చేతి మీద కమిలిన మచ్చ ఎలా వచ్చిందో భర్త నోటి గుండానే డాక్టరుకి తెలియాలంటే ఏం తెలుస్తుంది? పరాయి దుబాసీ ఉండటం అంటే ఆ గదిలోంచి ఇంటి అధికారాన్ని కాసేపు బయట నిలబెట్టడం. పార్ట్‌టైం పని అని తేలిగ్గా తీసేసే దానిలో ఇంత ఉంది.

ఇప్పుడు సాహిత్యానికి వద్దాం.

ఈ వృత్తి గురించి మనలో చాలామంది చదివిన కథ జుంపా లాహిరి ‘ఇంటర్‌ప్రిటర్ ఆఫ్ మాలడీస్’. 1999లో వచ్చిన ఆమె మొదటి సంపుటికి ఆ కథ పేరే పెట్టారు. అందులో కపాసీ వారంలో రెండు రోజులు యాత్రికుల్ని కారులో కోణార్క తిప్పుతాడు. మిగతా రోజులు ఒక డాక్టరు దగ్గర గుజరాతీ రోగుల బాధల్ని డాక్టరుకి తెలిసిన భాషలో చెప్తాడు. ఎన్నో భాషలు నేర్చుకుని దేశాధినేతల మధ్య నిలబడాలని కలగన్న మనిషి చివరికి ఇక్కడ తేలాడు. కొడుకు టైఫాయిడ్‌తో మంచాన పడ్డప్పుడు వైద్యం ఖర్చు కోసం మొదలుపెట్టిన పని అది. కొడుకు దక్కలేదు, పని మిగిలింది. అందుకే ఆయన భార్యకి ఆ పనంటే గిట్టదు. అమెరికా నుంచి వచ్చిన మిసెస్ దాస్‌కి మాత్రం అది ఎంతో అందమైన పనిగా కనిపిస్తుంది. ఆ ఒక్క మెచ్చుకోలుతో కపాసీ తనని తాను కొత్తగా చూసుకుంటాడు.

ఈ కథని ఒంటరితనం గురించిన కథగా చాలామంది చదివారు. నాకు మరోటి కనిపించింది. మిసెస్ దాస్ తన రహస్యం చెప్పి మందు అడిగినప్పుడు కపాసీ దుబాసీగా ఉండలేకపోతాడు. ఆమెది నొప్పా, తప్పు చేశానన్న భావమా అని అడుగుతాడు. గుజరాతీ రోగిని ఆయన ఆ ప్రశ్న ఎప్పుడూ అడిగి ఉండడు. గొంతులో గడ్డిపరకలు ఇరుక్కున్నట్టుందని రోగి అంటే ఆ మాటని అలాగే అటు దాటిస్తాడు. ఆడమనిషి తన ఒంటి గురించి, తన కోరిక గురించి నోరు విప్పగానే భాష మార్చవలసినవాడు తీర్పరి అయి కూర్చున్నాడు. దుబాసీ తటస్థత ఎక్కడ తెగిపోతుందో లాహిరి చాలా పొదుపుగా చూపించింది. అది తెగిన చోట స్త్రీ శరీరం ఉండటం యాదృచ్ఛికం కాదని నేననుకుంటాను.

సుకీ కిమ్ ‘ది ఇంటర్‌ప్రిటర్’ (2003) లో దుబాసీ స్త్రీ. ఇరవై తొమ్మిదేళ్ళ సూజీ పార్క్ న్యూయార్క్‌లో కొరియన్ వలసదారుల కేసుల్లో మాట మార్చే పని చేస్తుంది. పిలిచినప్పుడు వెళ్ళాలి, పిలవకపోతే ఏమీ లేదు. ఆమె తల్లిదండ్రులు కూరగాయల కొట్టు నడుపుకునే వాళ్ళు, అయిదేళ్ళ కిందట హత్యకి గురయ్యారు. ఒక విచారణలో ఎదురుగా కూర్చున్న కొట్టు యజమాని తన తల్లిదండ్రుల్ని ఎరిగినవాడని ఆమెకి తెలుస్తుంది. లాయరు అడిగిన ప్రశ్నని పక్కన పెట్టి కొరియన్‌లో తన ప్రశ్న తాను అడుగుతుంది. లాయరుకి ఆ భాష రాదు కనుక ఆ గదిలో ఎవరికీ తెలియదు. వృత్తి నియమం ప్రకారం ఇది పెద్ద అపరాధం. కాని పాఠకులుగా మనం ఆమె వైపే ఉంటాం. అద్దెకిచ్చిన నోటిని ఒక్క క్షణం తన కోసం వెనక్కి తీసుకుంది కదా! నవల మరో సత్యాన్నీ తడుముతుంది. ఇంగ్లీషు రాని తల్లిదండ్రుల తరఫున చిన్నప్పట్నించీ మాట్లాడే భారం సూజీ అక్క మీద పడింది. జీతం లేని దుబాసీతనం ఇంట్లో ఆడపిల్లతో మొదలవుతుంది. పెద్దయ్యాక దానికే కాస్త కూలి దొరుకుతుంది, అంతే.

వలేరియా లూయిసెల్లీ ‘టెల్ మీ హౌ ఇట్ ఎండ్స్’ (2017) నవల కాదు, దీర్ఘ వ్యాసం. మెక్సికో నుంచి వచ్చిన రచయిత్రి తన గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తూ, 2015లో న్యూయార్క్ వలస న్యాయస్థానంలో ఒంటరిగా సరిహద్దు దాటి వచ్చిన పిల్లలకి దుబాసీగా స్వచ్ఛందంగా పనిచేసింది. చేతిలో నలభై ప్రశ్నల పత్రం. ఎందుకొచ్చావు అన్నది మొదటి ప్రశ్న. పుస్తకం నిర్మాణమంతా ఆ నలభై ప్రశ్నల మీదే నిలబడింది. పిల్లల మాటలకి వరస ఉండదు, పత్రానికి వరస కావాలి. వాళ్ళు ఎంత భయంకరమైనది చెప్తే కేసు అంత బలపడుతుంది. ఇద్దరు చిన్నపిల్లలు వస్తారు. వాళ్ళ అమ్మమ్మ వాళ్ళ గౌను కాలరు లోపల తల్లి ఫోను నంబరు దారంతో కుట్టి పంపింది. ఆ పసివాళ్ళు చెప్పగలిగిన జవాబులు ఏ లాయరుకీ పనికిరావు. వాళ్ళ నోటినుంచి ‘సరైన’ జవాబు రావాలని దుబాసీ లోలోపల కోరుకోవడం ఎంత ఘోరమో రచయిత్రి దాచుకోకుండా రాసింది. తన కాగితాల కోసం తానే ఎదురుచూస్తున్న స్త్రీ మరొకరి కాగితాలు నింపుతోంది. హెచ్4 మీద ఉన్న తెలుగామెకి ఈ పరిస్థితి విడమరిచి చెప్పక్కర్లేదు.

కేటీ కితమురా ‘ఇంటిమసీస్’ (2021) లో పేరు చెప్పని కథకురాలు ది హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో ఏడాది ఒప్పందం మీద చేరుతుంది. ఘోరమైన నేరాల ఆరోపణలు ఎదుర్కొంటున్న ఒక మాజీ దేశాధ్యక్షుడి చెవిలో ఆమె గొంతు గుసగుసగా వినపడుతూ ఉండాలి. పని ఒరవడిలో మాటలే తప్ప మాటల్లో ఉన్న దారుణం చెవిన పడని స్థితికి ఆమె వెళ్ళిపోతుంది. మరో రోజు హింసని చూసిన ఒక యువతి సాక్ష్యం చెప్తుంటే ఈమె ‘నేను’ అంటూ పలకాలి. నేను చూశాను, నేను విన్నాను. ఆ సర్వనామం బరువు మోయడం ఎలాగన్నదే నవలంతా.

ఈ నాలుగు రచనలనీ కలిపే దారం ఈ ‘నేను’. వృత్తిలో మాకు నేర్పే మొదటి పాఠం అదే. రోగి “నాకు నొప్పి” అంటే “ఆమెకి నొప్పి” అనకూడదు, “నాకు నొప్పి” అనే అనాలి. అయిదు నిమిషాలు గర్భిణి, మరో పది నిమిషాలు ఎనభై ఏళ్ళ ముసలాయన, ఆ వెంటనే విసుగ్గా ఉన్న నర్సు, అందరూ ‘నేనే’. నా సొంత మాట ఏదైనా చెప్పాల్సి వస్తే మాత్రం “దుబాసీ ఇలా అంటోంది” అని నన్ను నేను ప్రథమ పురుషలో చెప్పుకోవాలి. ఊరందరికీ ‘నేను’ దక్కుతుంది, నాకు తప్ప. మన సాహిత్యంలో స్త్రీలు ‘నేను’ అనడానికి ఎంత పోరాడారో తెలిసిన మనకి ఈ వ్యాకరణం గుచ్చుకోకుండా ఎలా ఉంటుంది?

ఇక తెలుగు సంగతి. పై నాలుగు రచనల్లో లేని చిక్కులు మన భాషలో ఉన్నాయి. “మా ఆయన చెయ్యి చేసుకున్నారు” అన్న వాక్యం తీసుకోండి. మాటకి మాట పెడితే ఇంగ్లీషులో అర్థమే ఉండదు. ‘కొట్టాడు’ అని అర్థమిచ్చే మాట వాడితే విషయం చేరుతుంది. కాని ఆమె కప్పిన దుప్పటిని దుబాసీ లాగేసినట్టవుతుంది. చెయ్యెత్తాడు అన్నట్టు చెప్తే దుప్పటి మిగులుతుంది, దెబ్బ పోతుంది. కొట్టడాన్ని కొట్టడం అనకుండా చెప్పడానికి మన భాష ఇంత నున్నటి పలుకుబడి తయారుచేసుకుంది. ఏది విధేయమైన అనువాదం? ఆమె మాటకా, ఆమె ఒంటికా?

అంతకంటే చిక్కు ‘కొట్టారు’ తో ఉంది. గౌరవ వాచకం, బహువచనం మనకి ఒకటే రూపం. కర్తని చెప్పకుండా వాక్యం నడపడం మనకి అలవాటు. “నిన్న రాత్రి కొట్టారు” అంటే కొట్టింది భర్త ఒక్కడా, అత్తా మావా కలిసా? ఇంగ్లీషు వాక్యం కర్త లేకుండా కదలదు. ‘అతను’ అంటే అత్తమామలు తప్పుకుంటారు, ‘వాళ్ళు’ అంటే భర్త గుంపులో కలిసిపోతాడు. శిక్షణ పొందిన దుబాసీ ఇక్కడ ఆగి, స్పష్టత కోసం అడుగుతున్నానని రెండు వైపులా చెప్పి, అడుగుతుంది. యంత్రానువాదం రెంటిలో ఒకటి ఎంచుకుని ముందుకి పోతుంది. 2024లో వచ్చిన నిబంధనలు ముఖ్యమైన వైద్య పత్రాల యంత్రానువాదాన్ని అర్హత ఉన్న మనిషి సరిచూడాలన్నాయి. అది ఎందుకు కావాలో ఈ ఒక్క క్రియారూపం చాలు చెప్పడానికి.

ఇది తెలుగంతటికీ ఒకే సమస్య కూడా కాదు. “మా ఆయన కొట్టిండు” అని తెలంగాణ పల్లె స్త్రీ అంటే అందులో ఏ సందిగ్ధం లేదు. కోస్తాలో కూలి చేసుకునే స్త్రీ “కొట్టాడమ్మా” అనే అంటుంది. కొట్టిన చేతికి కూడా బహువచనంతో దణ్ణం పెట్టించేది మధ్యతరగతి మర్యాద భాష. కులం, వర్గం, ప్రాంతం అన్నీ ఒక క్రియ చివర కూర్చుని ఉన్నాయి. కానీ మాకిచ్చే పదకోశాల్లో ఏముంటుంది? ‘అధిక రక్తపోటు’, ‘మధుమేహం’, ‘ఋతుచక్రం’. బీపీ, షుగరు అనే మనిషి దగ్గర ఆ మాటలు వాడితే ఇంగ్లీషు ఒక్కటే కాదు, తెలుగు కూడా తనకి రాదేమో అనుకుని ముడుచుకుపోతుంది. ‘బయట చేరాను’, ‘నెల తప్పింది’, ‘నీళ్ళాడింది’ అన్న మాటలు ఏ పదకోశంలో ఉంటే బాగుండునో అందులో ఉండవు. నొప్పికి ఒకటి నుంచి పది దాకా అంకె చెప్పమంటారు. సలుపు, పోటు, గుంజు, తీపు, మంట అని ఇన్ని తేడాలు తెలిసిన మనిషి అంకె దగ్గర నోరు పెగలక నిలబడిపోతుంది.

అటు నుంచి వచ్చే ప్రశ్నలూ అంతే. ఇంట్లో మీకు భద్రంగా అనిపిస్తుందా అని ఇక్కడి ఆసుపత్రుల్లో స్త్రీలని అడుగుతారు. గృహహింస సంగతి రాబట్టడానికి అడిగే ప్రశ్న అది. తెలుగులోకి వచ్చేసరికి దొంగల భయం గురించి అడిగినట్టుంటుంది. తలుపులు వేసుకుంటాం అని జవాబు వస్తే తప్పెవరిది? ఇంటిని ప్రమాదకరమైన చోటుగా ఊహించి, ఆ ఊహని మామూలు మాటల్లో అడగడానికి మన భాషలో వాక్యం ఇంకా స్థిరపడలేదు. స్త్రీవాద సాహిత్యం ఆ ఇంటి గురించి ఎంతో రాసింది. ఆసుపత్రి గదిలో అక్కరకొచ్చే ఒక్క వాక్యం మాత్రం ఆ సాహిత్యం నుంచి వీధిలోకి ఇంకా నడిచి రాలేదు.

అనువాదం గురించి స్త్రీవాదులు చెప్పిన వాటిని ఇక్కడ మళ్ళీ చూసుకోవాలి. అనువాదాన్ని స్త్రీతోనూ, మంచి అనువాదాన్ని పతివ్రతతోనూ పోల్చే అలవాటు ఎంత పాతదో లోరి చాంబర్లేన్ 1988 వ్యాసంలో విప్పి చూపించింది. అందమైనవైతే విధేయంగా ఉండవని పదిహేడో శతాబ్దపు ఫ్రెంచివాళ్ళు అనువాదాల గురించి ఛలోక్తులాడారు. అంతకు ముందే మెక్సికోలో, 1519లో కోర్తెస్‌కి కానుకగా ఇచ్చిన బానిస పిల్ల మలిన్చె అతనికి దుబాసీ అయింది. ఆమె పేరు తర్వాత ద్రోహానికి మారుపేరై తిట్టుగా మిగిలింది. చికానా స్త్రీవాదులు ఆ తిట్టులోంచి ఆమెని బయటికి తీయడానికి చాలా శ్రమపడ్డారు. మహాశ్వేతాదేవిని ఇంగ్లీషులోకి తెచ్చిన గాయత్రీ స్పివాక్, అనువాదకురాలు మూలానికి తనని తాను అప్పగించుకోవాలని, అది చదవడంలోకెల్లా అతి దగ్గరి చదువని 1992లో వాదించింది. ఇవన్నీ విలువైన మాటలే. కాని వీటిలో చాలా వరకు అనువాదకురాలు తన పుస్తకాన్ని తాను ఎంచుకుంటుంది. ఆగి ఆలోచిస్తుంది, ముందుమాట రాస్తుంది, పేరు వేసుకుంటుంది. ఫోను దుబాసీకి ఎంపిక లేదు, ఆగే వ్యవధి లేదు, పేరు లేదు. ఆమె ‘అప్పగింత’కి నిమిషానికింత ధర ఉంది. అనువాద సిద్ధాంతం ఈమెని కూడా అనువాదకురాలిగా లెక్కపెట్టాలంటే శ్రమ గురించి మాట్లాడక తప్పదు.

శ్రమ అనగానే నిమిషాల లెక్క దగ్గరికి రావాలి. ఈ పనిలో చాలామందిమి ఉద్యోగులం కాము, ఒప్పందం మీద పనిచేసేవాళ్ళం. మాట్లాడిన నిమిషానికే డబ్బు. ఎదురుచూసిన గంటకి లేదు. పాలు పొంగకుండా కాచుక్కూచోవడం, జ్వరం పిల్ల పక్కన మేలుకోవడం పనిగా ఎవరూ లెక్కపెట్టరని మనం ఏళ్ళుగా చెప్తూనే ఉన్నాం. ఆ లెక్కే ఇప్పుడు జీతం వచ్చే పనిలోకీ వచ్చి కూర్చుంది. ఒక తల్లికి బిడ్డ దక్కలేదన్న మాటని ‘నేను’తో చెప్పి, ఫోను పెట్టేశాక గుండె దిటవు పరుచుకునే పది నిమిషాలకీ లెక్క లేదు.

అయినా ఈ పనిని పూర్తిగా దోపిడీ అని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. మూడు కారణాలు.

ఒకటి, గది. రహస్యం కాపాడాలి కనుక గడియ వేసుకోవాలి. కథ రాసుకోవాలని అడిగితే ఏ ఇంట్లోనూ దొరకని గది దీనికోసం దొరుకుతుంది. వర్జీనియా వుల్ఫ్ 1929లో అడిగిన సొంత గది మన ఆడవాళ్ళలో కొందరికి ఇలా ఆసుపత్రుల నిబంధనల పుణ్యమా అని వచ్చింది. చిత్రం ఏమిటంటే, ఆ గదిలో ఆమె తన మాట ఒక్కటి కూడా మాట్లాడదు.

రెండు, రహస్యం. “ఎవరు ఫోను? ఏమన్నారు?” అని ఇంట్లో అడిగితే “చెప్పకూడదు” అనవచ్చు. భార్యకి భర్త దగ్గర దాపరికం ఉండకూడదని నేర్పిన సంసారంలో, న్యాయంగా దాచుకోవలసినది ఆమెకంటూ ఒకటి ఏర్పడటం చిన్న సంగతి కాదు.

మూడు, అంకె. ఫోనులో మాకు పేరుండదు, గుర్తింపు సంఖ్య ఉంటుంది. తెలుగు గొంతు వినగానే అవతలివాళ్ళు ఆప్యాయంగానే “మీదే ఊరమ్మా? ఇంటిపేరేంటి?” అని అడగవచ్చు. ఆ ప్రశ్న ఎక్కడికి పోతుందో మనకి తెలుసు. ఇంటిపేరు చెప్పగానే గొంతు మార్చుకునే మనుషుల మధ్య పెరిగిన దళిత స్త్రీకి ఆ అంకె ఒక కవచం. కులం అడగడానికి వీల్లేని తెలుగు సంభాషణ ఎక్కడైనా ఉందంటే బహుశా ఇక్కడే ఉంది. పేరు పోవడం అందరికీ ఒకేలా నష్టం కాదని ఈ పని నాకు నేర్పింది.

ఇంత సంక్లిష్టమైన అనుభవం మన ప్రవాస కథల్లో ఎంత వచ్చింది? నేను చదివిన డయాస్పోరా కథల్లో వీసా మీద వచ్చి ఇంట్లో కూర్చున్న ఇల్లాలి ఒంటరితనం ఉంది, మంచు ఉంది, పురిటికి వచ్చిన అమ్మ ఉంది, పిల్లల తెలుగు గురించి బెంగ ఉంది. కూలి నిమిషాలతో కొలిచే పని చేస్తున్న స్త్రీ చాలా అరుదు. అనువాదం మీద చర్చలు జరిగినప్పుడు నిడదవోలు మాలతి గారి కృషిని తలుచుకుంటాం, తలుచుకోవాలి కూడా. అమెరికాలో ఉంటూ 2001లో ‘తూలిక’ మొదలుపెట్టి మన కథల్ని, ముఖ్యంగా రచయిత్రుల కథల్ని ఇంగ్లీషులోకి తెచ్చిన శ్రమ అది. అన్వేషి నుంచి సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991, 1993లలో వచ్చిన ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ వెనక కూడా ఎందరో అనువాదకుల శ్రమ ఉంది. పుస్తకమై నిలిచిన అనువాదాన్ని మనం ఇలా గుర్తుపెట్టుకుంటాం. గాలిలో కలిసిపోయే అనువాదాన్ని గుర్తుపెట్టుకునే పద్ధతి మనకింకా లేదు.

రాయకూడదన్న నియమం ఒక అడ్డంకి, నిజమే. కాని లూయిసెల్లీ తను విన్న పిల్లల పేర్లు బయటపెట్టకుండా ప్రశ్నపత్రాన్నే కథానాయకిని చేసింది. కితమురా కల్పనని ఆశ్రయించింది. విన్నది దాచి, వినడం ఎలాంటిదో రాయడానికి దారులున్నాయి. తెలుగులో ఆ దారి తొక్కాల్సినవాళ్ళు ఇప్పటికే హెడ్‌సెట్ పెట్టుకుని ఉన్నారు. వాళ్ళలో చాలామంది ఒకప్పుడు కథో కవితో రాసి ఆపేసినవాళ్ళే అయి ఉంటారని నా నమ్మకం. భాష మీద ప్రేమ లేనివాళ్ళు ఈ కూలికి ఈ పని చేయరు.

మన పరిశోధక మిత్రులకి కూడా ఒక పని ఉంది. ఆడవాళ్ళు ఒంటి గురించి, హింస గురించి, కాన్పు గురించి జిల్లాజిల్లాకీ, కులంకులానికీ వాడే మాటల్ని పోగుచేసి ఒక పదకోశం తయారు చేయాలి. ‘చెయ్యి చేసుకోవడం’ దగ్గర ఏం చేయాలో, ‘కొట్టారు’ దగ్గర ఏం అడగాలో అందులో ఉండాలి. ఇంట్లో భయంగా ఉందా అని నొప్పించకుండా, తికమక పెట్టకుండా అడిగే వాక్యం ఉండాలి. అది అమెరికాకి మాత్రమే పనికొచ్చేది కాదు. ఆదిలాబాదు నుంచి హైదరాబాదు పెద్దాసుపత్రికి వచ్చిన గోండు స్త్రీకి, ఆమె ఎదుట కూర్చున్న తెలుగు డాక్టరుకి మధ్య కూడా ఒక దుబాసీ కావాలి. ఆ కుర్చీలో ఇవాళ కూర్చుంటున్నది ఎవరు? వార్డుబాయా, వెంట వచ్చిన మొగుడా, బడి మానేసి వచ్చిన కూతురా?